జిట్రేగి పలక

పొద్దుగూకినంక హర్షిణి ఒక్కతే, బోధన్ చెరుకుతోటల నడుమ ఉన్న భోజన్న కార్ఖానకు వచ్చింది. తనకోసం చేయించుకునే గిటారుకు కట్టె ఎంచుకోవాలె. ముసలి భోజన్న పలకలు పరిచిండు. హర్షిణి ఒక్కో పలకకు చెవి ఆనించి, వేలితో కొట్టి విన్నది. టేకు ఖంగుమన్నది. నల్లటి జిట్రేగి కట్టె పలక మోగనేలేదు. లోపల ఎవరో గుటక మింగినట్టు వినిపించింది.

ఉలిక్కిపడి తల ఎత్తింది. చెంపంతా వెచ్చటి జిగట. కుళ్లిన మాంసం వాసన.

"కాకా, ఇది పచ్చి కట్టెనా?"

"ఎండి ఇరవై ఏండ్లాయె బిడ్డా."

చున్నీతో ఎంత తుడిచినా జిగట వదల్లేదు. పలకను దూరంగ నెట్టి, "నాకు టేకే చాలు," అన్నది.

భోజన్న ఆ పలకను ఒడిలకు తీసుకొని, తడిని అరచేత్తో మెల్లగ నిమిరిండు.

"గట్లనకు బిడ్డా. గిన్నేండ్లకు దీనికి నోరూరింది."