భూమేష్ డ్రమ్మరేనా?

కార్డు చూసి ఆఫీసర్ నవ్వాడు. తల ఎత్తి భూమేష్‌ను చూసి ఇంకాస్త గట్టిగా నవ్వాడు.

కార్డులో వృత్తి అన్న చోట డ్రమ్మర్ అని ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషికి నలభై ఆరేళ్లు. నెత్తి మీద సగం జుట్టు లేదు. అరచేతులు బీటలు వారి ఉన్నాయి.

"నువ్వేంటి, డ్రమ్మరేంటి అంటున్నారు సార్" అన్నాడు మణికుమార్. ఆ ఆఫీసులో దుబాసీ అతను. కాకినాడ వాడు.

"డ్రమ్మర్నే. కార్డుల ఏమున్నదో నేను గదే" అన్నాడు భూమేష్.

బహ్రెయిన్‌లో పనివాళ్ల కార్డుల చెకింగ్‌లో పట్టుకొచ్చిన పదకొండు మందిలో అతనొకడు. పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చోబెట్టారు. కార్డు ఒకటీ, మనిషి ఒకటీ అయితే ఫ్లైటు ఎక్కించేస్తారని అక్కడ అందరికీ తెలుసు. భూమేష్ ఫ్లైటు ఎక్కితే ఊళ్లో కూతురు రమ నర్సింగు చదువు రెండో ఏట ఆగిపోతుంది. కానీ అతనికి పెద్దగా భయం లేదు. వాళ్లు చూసేది కార్డు అసలుదా, ఏజెంటు పుట్టించిన దొంగదా అని మాత్రమేనని రూములో ఉండే దేవన్న ఎప్పుడో చెప్పి పెట్టాడు. అసలుదని చూపిస్తే బతికినట్టే. భూమేష్ కార్డు అసలుది.

మణికుమార్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"నాకు వాయించడం రాదని చెప్పెయ్యవయ్యా. నిన్ను పన్లో పెట్టుకున్న కఫీల్ కార్డు తప్పు చేయించాడని చెప్పు. చదువు లేనోడివి, నీకేం తెలుసు? తప్పు ఆయన మీదికి పోద్ది. కార్డు మార్చుకోమని వదిలేస్తారు."

భూమేష్‌కు ఒళ్లు మండింది. ఫ్యాను కింద కూర్చునేవాళ్లు ఎప్పుడూ ఇంతే. చెమట మనిషికి ఒక విద్య ఉందంటే నమ్మబుద్ధి కాదు.

"రానిదెట్ల సార్? వస్తది నాకు."

రాకేం? జగిత్యాల పక్క పల్లెలో అతను డప్పు కొట్టేవాడు. పెళ్లికీ చావుకీ పిలిచేవాళ్లు. వాకిట్లోనే నిలబెట్టేవాళ్లు. అన్నం అందరి తర్వాత పెట్టేవాళ్లు. ఆ డప్పును వదిలించుకుందామనే బహ్రెయిన్ వచ్చాడు. హూరాలో ఒక హోటల్లో నేల తుడిచే పని దొరికింది.

ఆ హోటల్లో క్యూబా నుంచి వచ్చిన ఒర్లాండో అనే నల్లటాయన కాంగా వాయించేవాడు. కాంగా అంటే నడుమెత్తు డ్రమ్ము. పుల్లలుండవు, చేతులే. వాటిని మోసి స్టేజీ మీద పెట్టడం భూమేష్ వంతు. ఒకరోజు పెట్టినవాడు ఊరుకోలేక నాలుగు దెబ్బలు వేశాడు. ఒర్లాండో చూశాడు. తిట్టలేదు. తన కుర్చీ అతని వైపు జరిపాడు.

మూడేళ్లు నేర్పాడు. ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు. అరచేయి పడేస్తే ఒక శబ్దం. వేళ్ల కొసలు వేస్తే ఇంకొకటి. చెంప మీద కొట్టినట్టు వేస్తే మూడోది. తప్పు పడితే ఒర్లాండో కళ్లు మూసుకునేవాడు. కొన్నాళ్లకు మూసుకోవడం మానేశాడు.

అతను తన దేశం వెళ్లిపోయాక ఆ కుర్చీలో భూమేష్ కూర్చున్నాడు. కఫీల్ కార్డులో వృత్తి మార్పించాడు. హోటలు వాళ్లు పోస్టరు వేశారు. వాకిట్లో నిలబెట్టిన మనిషి మీద ఇక్కడ లైటు వేసి చూపించారు. ఆ పోస్టరు ఫొటో ఇప్పటికీ ఫోన్లో ఉంది. హోటల్లో వాయించడం ఆగిపోయినా కార్డు ఏటా రెన్యువల్ అవుతూనే ఉంది.

భూమేష్ చూపించిన ఆ ఫొటో చూసి ఆఫీసర్ నవ్వు ఆపాడు. ఆయనది గలాలీ అనే ఊరు. పెళ్లిళ్లలో డోలు వాయించే ఇల్లు. కార్లోంచి తన డోలు తెప్పించి బల్ల మీద పెట్టించాడు.

"వాయించమంటున్నారు" అన్నాడు మణికుమార్. వెంటనే, "మర్చిపోయానని చెప్పు. ఇప్పటికైనా చెప్పు" అన్నాడు.

భూమేష్ డోలు మీద చెయ్యి పెట్టాడు. అది కాంగా కాదు. అయినా తోలు తోలే. ముందు అరచేయి వేశాడు. తర్వాత వేళ్లు. పది దెబ్బలకు డోలు మాట వినడం మొదలుపెట్టింది. పక్క గదిలో టైపింగు ఆగింది. బెంచీ మీద తల వాల్చిన వాళ్లు లేచి కూర్చున్నారు.

బల్ల కింద మణికుమార్ అతని కాలు తొక్కాడు. భూమేష్ కాలు వెనక్కి లాక్కుని వేగం పెంచాడు.

ఆఫీసర్ ఉండబట్టలేకపోయాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య చప్పట్లు అందుకున్నాడు. ఆ తాళం ఆయన తాతలది. ఈ దెబ్బ ఎక్కడో సముద్రం అవతలది. వాయిస్తున్న చెయ్యి జగిత్యాలది. ఎక్కడా తేడా రాలేదు.

అయిపోయాక ఆయన భూమేష్‌ను ఉస్తాద్ అన్నాడు. కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. హోటల్లో ఎన్నేళ్లు వాయించావని అడిగాడు. ఆరేళ్లన్నాడు భూమేష్. ఇలాంటి చెయ్యి తాను చూడలేదన్నాడు ఆఫీసర్.

"నువ్వు నిజంగానే డ్రమ్మర్‌వని రాసుకోమంటావా అని అడుగుతున్నారు" అన్నాడు మణికుమార్. "తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పు."

"రాయమను సార్. పెద్ద అక్షరాలల్ల రాయమను."

ఆఫీసర్ తన చేత్తోనే రాశాడు. స్టాంపు వేశాడు. లేచి రెండు చేతులతో భూమేష్ చెయ్యి పట్టుకున్నాడు. భూమేష్ కళ్లు తుడుచుకుని, ఆ కాగితంలో ఏముందో చదవమని మణికుమార్‌ను అడిగాడు.

"వృత్తి డ్రమ్మర్ అని రుజువైంది, కానీ అమ్వాజ్‌లో కడుతున్న బిల్డింగు నాలుగో అంతస్తులో గోడకు ప్లాస్టరింగ్ చేస్తూ పట్టుబడ్డాడు కాబట్టి ఇండియా పంపాలి" అని చదివాడు మణికుమార్.