ఎరుపు వద్దు

"ఎరుపు వద్దు. నీలం వెయ్యి."

సీనియర్ ఈ మాట అనడం ఇది మొదటిసారి కాదు. కొత్తగా చేరిన పరిశోధకురాలు రంగు సీసా బల్లమీద పెట్టి అతని వంక చూసింది.

"ఎందుకన్నా? కణం గోడకు ఎరుపు, లోపలి కేంద్రకానికి ఆకుపచ్చ. లేజర్ పడగానే దేనికది వెలుగుతుంది కదా."

"పత్రహరితం దానంతటదే ఎర్రగా వెలుగుతుంది. నీ ఎరుపు అందులో కలిసిపోతుంది."

"నేను చూస్తున్నది మొక్క వేరుని. వేరులో పత్రహరితం ఎక్కడుంది?"

"చెప్పింది చెయ్యి" అని లేచిపోయాడు.

అప్పటి నుంచి ఆమె అతని మీద ఓ కన్నేసి ఉంచింది.

ల్యాబ్‌లో అందరూ అతన్ని గుంభనం అంటారు. కడుపులో మాట పెదవి దాటదు. ల్యాబ్ పెద్ద మాస్టారికి కుడిభుజం. లేజర్‌తో చూసే కాన్ఫోకల్ మైక్రోస్కోపు ముందు మాస్టారు కూర్చుంటే పక్క కుర్చీ అతనిదే. ఆమె వెళ్లిందంటే ఇద్దరూ గొంతు తగ్గిస్తారు.

మాస్టారు మాత్రం బంగారం. "ఏం కనిపిస్తోందో నీ నోటితో చెప్పమ్మా" అంటారు. ఆమె పూసగుచ్చినట్టు చెబుతుంటే కళ్లు మూసుకుని వింటారు. అంతటి మనిషి పక్కన ఇలాంటివాడు ఎలా చేరాడో ఆమెకు అంతుపట్టలేదు.

ఉప్పునేలలో పెరిగిన మొక్క వేరు కొనలో, అడ్డంగా చీలాల్సిన కణాలు ఏటవాలుగా చీలుతున్నాయి. అది ఆమె కనిపెట్టిన సంగతి. మొండికేసి ఎరుపే వేసింది. ఎర్రటి గోడల మధ్య ఆకుపచ్చ చుక్కలతో బొమ్మ కళ్లు తిప్పుకోనివ్వలేదు. ఉద్యోగం ఖాయం చేసే కమిటీ దాన్ని ఒప్పుకుంటేనే ఆమెకిక్కడ చోటు. లేదంటే మూటాముల్లే సర్దుకోవాల్సిందే. ఆ కమిటీకి అధ్యక్షుడు మాస్టారే కావడం ఆమెకు కొండంత అండ.

కమిటీ ముందురోజు భోజనం చేసి వచ్చేసరికి ఆమె కంప్యూటర్ ముందు గుంభనం కూర్చుని ఉన్నాడు. తెరమీద ఆమె బొమ్మే. ఎర్ర గోడలన్నీ నీలంగా మారిపోయాయి.

"నా బొమ్మ ముట్టుకోవడానికి నువ్వెవరు?"

"రేపు కమిటీ గదిలోకి నన్ను రానివ్వరు" అని గొణిగాడతను.

"అదా నీ ఏడుపు? పద, మాస్టారి దగ్గరే తేల్చుకుందాం."

మాస్టారి గదిలో ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కనే తెరిచింది. "నేనిక్కడ నిలదొక్కుకోవడం ఈయనకు ఇష్టం లేదు మాస్టారూ. ఎందుకు మార్చాడో మీరే అడగండి."

మాస్టారు అడగలేదు. గుంభనం తల వంచుకున్నాడు.

"తప్పు నాదే. ల్యాబ్ వదిలి వెళ్లమంటే వెళ్లిపోతాను" అన్నాడు.

ఆమె కడుపు చల్లబడింది.

మాస్టారు లేచి తలుపు మూశారు. "నువ్వెక్కడికీ వెళ్లొద్దురా" అన్నారు అతనితో. తర్వాత ఆమె వైపు తిరిగారు.

"వాడు మార్చింది నా కోసమమ్మా, ఎరుపూ ఆకుపచ్చా పుట్టినప్పటి నుంచీ నా కళ్లకు ఒకటే రంగు."