గట్టు నడుమ సందు

"గీ సందు పోలీసు బండ్లకే. ఎడ్లబండ్లు రోడ్డు కొసదాక పోయి తిరిగి రావాలె."

ఆదిలాబాద్ కొత్త జంటరోడ్డు నడిమి గట్టుకున్న సందులో అడ్డంగా నిలబడ్డాడు పోలీసు జవాను హనుమండ్లు.

"గంత దూరం పోతే నా పెండ్లాం బతుకది సారూ! పాము కరిసింది. దవాఖాన గా పక్క రోడ్డు మీదనే, మైలు ఎనుకకున్నది," అన్నాడు ఎడ్లబండి తోలుతున్న పోశం.

"రూలు రూలే."

బండిలో పడుకున్న లింగవ్వ తలెత్తింది. "జమేదార్ సాబ్, నన్ను అరెస్టు జెయ్యి."

"ఏం తప్పు జేసినవ్?"

"ఇగ జేస్త. ఇను."

ఆమె తిట్లు హనుమండ్లు తండ్రిని దాటి తాతదాకా రాకముందే అతను బండెక్కి పోశం పక్కన కూర్చున్నాడు.

"ఇగ గిది పోలీసు బండి. సందులకెల్లి జల్ది తోలు. ముద్దాయికి పాము కరిసింది."