చేతివాటం

“రెండు వైపులా వస్తుందా?” కొత్తావిడ సేల్స్‌మాన్‌ను మెల్లగా అడిగింది.

“వస్తుందమ్మా. మీరు అడిగారు కాబట్టి పెట్టిస్తాను,” అన్నాడతను, అంతకన్నా మెల్లగా.

ఆ మిషన్ల షాపులో దారం రీళ్ల అర వెనక నిలబడ్డ పెద్దక్కకు ఆ రెండు మాటలూ స్పష్టంగా వినిపించాయి. ఆమె చేతిసంచిని చంకలోకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

పెద్దక్కది బొంతలు కుట్టే దుకాణం. పనివాళ్లకూ బేరానికి వచ్చేవాళ్లకూ ఆమె పెద్దక్కే. ఒక హోటలువాళ్లు మూడు వందల బొంతలు కావాలన్నారు. మామూలు కుట్టుమిషను మీద అది తెమిలే పని కాదు. అందుకే లాంగ్ ఆర్మ్ మిషను కొనడానికి వచ్చింది. బొంతను మంచమంత చట్రానికి సాగదీసి బిగిస్తారు. బొంత కదలదు, మిషనే పట్టాల మీద అటూ ఇటూ నడుస్తుంది. దాని రెండు పిడులూ పట్టుకుని, కాగితం మీద బొమ్మ గీసినట్టు కుట్టుకుంటూ పోవాలి. తప్పు మిషను కొంటే ఇంకోటి కొనే స్తోమత పెద్దక్కకు లేదు. దాన్ని నడపడం వచ్చిన మనిషి కూడా ఆమెకు ఒక్కతే దొరికింది. నెల రోజులుగా పని లేక ఖాళీగా ఉన్న ఆ మనిషిని ఆ రోజే పనిలోకి తీసుకుని, ముందు మిషను ఎంచిపెట్టమని వెంట తెచ్చుకుంది.

బయల్దేరే ముందు, ఎందుకైనా మంచిదని, ఈ కొత్తావిడ పాత యజమానురాలికి పెద్దక్క ఫోన్ చేసింది.

“పని బంగారం వదినా,” అంది ఆవిడ. “జీతం దగ్గర మాటా మాటా వచ్చి తనే మానేసింది. కాకపోతే ఒక్కటే... చేతివాటం మనిషి. మిషను కొనేటప్పుడు దగ్గరుండి చూసుకో. నేను చెప్పానని మాత్రం అనకు.”

ఆ మాట అప్పటి నుంచీ పెద్దక్క చెవిలో గింగురుమంటోంది.

“మొదట చూపించిన మిషనుకేం వచ్చింది?” అంటూ ఆమె ముందుకు వచ్చింది. “చవక. కుట్టూ బాగానే పడుతోంది.”

“కుట్టుకేం లేదక్కా. నాకే కుదరదు. బటన్లు అందవు.”

“ఇంత లావున కనబడుతున్నాయి, అందకపోవడమేమిటి?”

“కంటికి అందుతాయక్కా, చేతికే అందవు,” అని కొత్తావిడ నవ్వింది. “ఈ రెండోది కొనండి. మూడు వందలూ గడువులోగా దులిపేస్తాను.”

రెండోది ఖరీదు ఎక్కువ. సేల్స్‌మాన్ అప్పుడే దాని కాగితాలు తీస్తున్నాడు. “ఆవిడకి అన్నీ తెలుసండీ, నేను చెప్పాల్సిందే లేదు,” అన్నాడు. ఉత్తపుణ్యానికి ఎవరు ఎవరిని ఇంతలా పొగుడుతారు? పెద్దక్క చూపు కొత్తావిడ సంచి మీద పడింది. వచ్చినప్పుడు అది ఇంత ఉబ్బెత్తుగా లేదు.

“అందులో ఏముంది?”

“బాబిన్లక్కా. వాడి చూడమని ఇచ్చారు.”

“వాళ్లంతట వాళ్లే ఇచ్చారా?”

“నేనే అడిగానక్కా.”

ఇక చాలనుకుంది పెద్దక్క. ఆమెను తలుపు దగ్గరికి తీసుకెళ్లింది.

“రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు.”

కొత్తావిడ మొహం పాలిపోయింది. “నేనేం చేశానక్కా?”

“నన్నే అడుగుతున్నావా? నీకు చేతివాటం ఉందట కదా!”

“ఉందక్కా,” అంది ఆమె, తల కూడా దించుకోకుండా. “పుట్టినప్పటి నుంచీ ఉంది. చిన్నప్పుడు మా అమ్మ వాతలు తేలేలా కొట్టింది, అయినా పోలేదు. ఇంట్లో నన్ను చేతివాటం పిల్ల అనే పిలిచేవాళ్లు.”

తప్పు చేసి బుకాయించేవాళ్లను పెద్దక్క చూసింది గానీ, బోర విరుచుకుని చెప్పేవాళ్లను చూడలేదు.

“చెప్పుకోవడానికి సిగ్గు లేదూ?”

“సిగ్గెందుకక్కా? మా అన్నకూ ఉంది. పాత చోట ఎనిమిదేళ్లు దాంతోనే నెట్టుకొచ్చాను.”

“నా దగ్గర నెట్టుకురాలేవు!”

“పని లేకపోతే మాకు ఇల్లు గడవదక్కా.” ఆమె మొదటి మిషను వైపు చూసింది. “పోనీ ఆ చవకదే కొనండి. ఎలాగోలా అలవాటు చేసుకుంటాను.”

“నీ అలవాట్ల సంగతి ఇప్పుడే చెప్పావుగా, వెళ్లు.”

కొత్తావిడ బాబిన్లు తీసి కౌంటరు మీద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. మిషనుంటే నడిపేవాళ్లు దొరక్కపోరని పెద్దక్క తనకు తనే సర్దిచెప్పుకుంది.

“ఆ మొదటిదే ఇచ్చేయి,” అంది.

సేల్స్‌మాన్ తెల్లబోయాడు. “అది ఆవిడకి పనికిరాదు కదండీ. బటన్లన్నీ కుడి పిడికే ఉంటాయి. రెండోదానికైతే రెండు వైపులా వస్తాయి. ఎడమ చేతివాటం వాళ్లకి అదే ఇస్తాం.”

“ఎడమ...”

“ఇందాకటి నుంచీ అన్నీ ఎడమచేత్తోనే పట్టుకుంది కదండీ, మీరు చూడలేదా?”

పెద్దక్క చూసింది. రెప్ప వెయ్యకుండా ఆ చేతులనే చూసింది. ఏ చెయ్యి అన్నది మాత్రం చూడలేదు.

రెండో మిషనుకు సంతకం పెట్టి, ఆమె తిన్నగా కొత్తావిడ ఇంటికి బయల్దేరింది. ఎలా బతిమాలాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. పాత యజమానురాలి మీద కోపం కూడా రాలేదు. పాపం, ఆవిడ ఉన్నమాటే చెప్పింది. పెడర్థం తీసింది తనే.

గుమ్మంలో కొత్తావిడ అత్తగారు బఠానీలు ఒలుస్తూ కూర్చుంది.

“మా కోడలా? పనిలోకి వెళ్లిపోయిందమ్మా. పాత మేడమ్ కార్లో ఎక్కించుకుని తీసుకెళ్లారు. జీతం కూడా పెంచారట.”

“అప్పుడేనా? నేను వద్దన్న సంగతి ఆవిడకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదమ్మా,” అంది ముసలావిడ ఇంకో కాయ అందుకుంటూ.

“మేడమ్ పొద్దుటి నుంచీ ఇక్కడే కూర్చుని ఉన్నారు.”