ఎర్ర నూనె

పొద్దు గుంకుతుంటే జమ్లి కూతురు రూప్లి కనబడలేదు.

మేకపిల్ల వెనకాల తండా చివరికి పోయిందని ఎవరో అన్నారు. జమ్లి రొట్టెల పిండి అట్లాగే వదిలేసి పరుగెత్తింది.

"రూప్లీ... ఓ రూప్లీ!"

అడవిలోంచి జవాబు రాలేదు.

ఆ ఎండాకాలం చుట్టుపక్కల తండాలన్నిట్లో ఒకటే పుకారు. పిల్లల కండ్లు పీక్కుపోయేవాళ్లు తిరుగుతున్నారట. పిల్లల్ని ఆపి రెప్పలు లాగి చూస్తున్నారట. జమ్లి రోజూ బిడ్డ చెయ్యి పట్టుకునే నిద్రపోయేది.

ఆమె మొగుడు పూల్‌సింగ్ గొడ్డలి పట్టుకుని వచ్చాడు. వెనకాల తండా మగవాళ్లు.

అప్పుడే చెట్ల నడుమ నుంచి ఒక మనిషి బయటికొచ్చాడు. బక్కపలచని మనిషి. ప్యాంటు, చొక్కా. భుజాన సంచి. చేతుల్లో రూప్లి.

పిల్ల మూతి నిండా ఎరుపు. గదవ మీంచి గౌను మీదికి కారుతోంది.

జమ్లి గుండెలు బాదుకుంది.

"నెత్తురు! నా బిడ్డను చంపిండు!"

"కాదమ్మా, నూనె. ఇది నూనె..."

మాట పూర్తి కాకముందే ఎవరిదో కర్ర ఆయన వీపు మీద పడింది. జమ్లి బిడ్డను లాక్కుంది. ముందు కండ్లు తడిమి చూసింది. రెండూ ఉన్నాయి. పిల్ల కొయ్యబారిపోయింది.

సంచి బోర్లించారు. సీసాలు. అన్నిట్లోనూ అదే ఎరుపు.

"ఏందిర ఇది? పిల్లకేం తాపినవ్?"

"పామాయిల్ గెలల్లోంచి తీసింది. కండ్లకు మంచిది. మీ పాప కండ్లు..."

"ఇన్నరా? కండ్లంటుండు!"

సీసాలు రాయికేసి కొట్టారు.

"నన్ను కొట్టండి. దాన్ని మాత్రం పారబొయ్యకండి," అని చేతులు జోడించాడు ఆ మనిషి.

పూల్‌సింగ్ గొడ్డలి లేపాడు. ఆయన వెనక్కి వెనక్కి నడిచి, కుంటుకుంటూ రోడ్డు వైపు పోయాడు. అంత భయంలోనూ ఒకసారి ఆగి కేకేశాడు.

"అమ్మా! పాపను దవాఖానాకు తీసుకుపో. ఆలస్యం చెయ్యకు!"

ఎవరో రాయి విసిరారు.

తెల్లారాక గానీ రూప్లి తల్లి దగ్గర నోరు విప్పలేదు.

"యాడీ, ఆ సారు నన్నేం చెయ్యలే."

"మరి ఆయన చేతికెట్ల చిక్కినవే?"

"పొద్దు గుంకితే నాకేం కనబడదు గదా. పాడుబడ్డ బాయిల కాలు పెట్టిన. పట్టి గుంజిండు. కనబడదంటే రెప్పలు లాగి చూసి ఆ నూనె తాపిండు."

జమ్లి బిత్తరపోయింది.

"కనబడదా? ఇన్నొద్దులు చెప్పకపోతివేందే?"

"అందరికీ గట్లనే ఉంటదనుకున్న."

జమ్లి ఆ బావి కాడికి పోయి చూసింది. గట్టు మట్టి కొత్తగా విరిగి ఉంది. చిన్న పాదం జాడ అంచు దాకా వచ్చి జారింది. పక్కనే చెప్పుల జాడ, లోతుగా దిగి ఉంది. చూసి అక్కడే కూలబడింది.

"దవాఖానాకు పోదాం," అంది ఇంటికొచ్చి.

"ఆయన కేసు పెట్టి ఉంటే? పోంగనే పోలీసులు పట్టుకుంటే?" అన్నాడు పూల్‌సింగ్.

ఆ భయంతో ఎండాకాలమంతా గడిచింది. వానలు పడేసరికి రూప్లి కంటి తెల్లగుడ్డు మీద బూడిద చల్లినట్టు మచ్చలు లేచాయి. పగలు కూడా తడుముకుంటోంది.

అది చూశాక పోలీసుల భయం పెద్దదిగా అనిపించలేదు. బిడ్డను ఎత్తుకుని భద్రాచలం బస్సెక్కారు.

డాక్టర్ టార్చి వేసి రెప్పలు లాగి చూశాడు.

"ఇంకొన్నాళ్లయితే చూపు మొత్తానికే పోయేది," అన్నాడు. పిల్లకు మందు తాపి, బీరువాలోంచి ఒక సీసా తీసి జమ్లి చేతికిచ్చాడు.

ఎర్రగా ఉంది. ఆ రోజు రాయికేసి పగలగొట్టిన సీసాల్లోని ఎరుపే.

"ఇదేంది సార్?"

"పామాయిల్ గెలలు పిండినంక పిప్పి మిగుల్తది. ఫ్యాక్టరీల పొయ్యిల పెడతరు. దాన్లకెళ్లి తీసిన సత్తువ ఇది. రోజూ పిల్ల బువ్వల ఒక చెంచా కలుపు."

జమ్లి ఒక్క పూట కూడా తప్పలేదు.

ఒక సాయంత్రం పొయ్యి ముట్టించబోతుంటే రూప్లి దగ్గరికొచ్చి నిలబడింది.

"యాడీ, నీ ముక్కుపుడక మెరుస్తుంది."

బయట అప్పటికే మసక చీకటి పడింది. జమ్లి బిడ్డను ఒళ్లోకి లాక్కుని గట్టిగా ఏడ్చింది.

వానలు తగ్గాక మొగుడూ పెళ్లాం తేనె సీసా పట్టుకుని మళ్లీ దవాఖానాకు వచ్చారు. లోపలికి రావడానికి జంకారు. చివరికి జమ్లే నోరు తెరిచింది.

"సార్, ఈ నూనె తండాలకు మోసుకొచ్చే మనిషి... బక్కగ ఉంటడు. భయపడి మేం కొట్టినం సార్. ఏడుంటడో చెప్తే ఆయన కాళ్ల మీద పడ్తం."

డాక్టర్ కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"రామ్‌చందర్ గారినా? సైకిల్ మీదికెళ్లి పడ్డ అని చెప్పిండు నాకు."

ఇద్దరూ తల వంచుకున్నారు.

"ఇప్పుడేడున్నడు సార్?"

"లేడమ్మా. వానల్ల అడవి తండాలు తిరగొద్దంటే ఇనలే. మలేరియా మెదడుకెక్కింది."

జమ్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

పూల్‌సింగ్ తేనె సీసా బల్ల మీద పెట్టి అన్నాడు. "సీసాలు మోసే నౌకరు... పానం మీదికి తెచ్చుకునుడేంది సార్?"

"నౌకరు కాదు పూల్‌సింగ్," అన్నాడు డాక్టర్ నెమ్మదిగా. "కాల్చేసే పిప్పిల పిల్లల చూపు దాగుందని కనిపెట్టి, ఆ నూనెను పుట్టించినోడే ఆయన."