నిచ్చెన దగ్గర ఆగిన లెక్క

"లెక్క ఎంతదాకా వచ్చింది?" మెట్ల కింది నుంచి జానెట్ కేకేసింది.

"నిచ్చెన దగ్గర ఆగింది," అన్నాడు కోలిన్ పై గదిలోంచి. తలుపు మాత్రం తెరవలేదు.

క్రిస్మస్ మధ్యాహ్నం. టర్కీ తినడం అయిపోయి, అందరూ నెత్తిన కాగితం కిరీటాలతో కూర్చున్నారు. జానెట్ తమ్ముడు కీత్ అట్టముక్కుల పెట్టె విప్పుతున్నాడు. ఏటా అతను ఆడించే పక్షుల ఆటకు అవి కావాలి. చీటీలో ఏ పక్షి వస్తే, ముక్కు కట్టుకుని ఆ పక్షిలా నడవాలి, కూయాలి. మూడు గంటలు ఎవరికీ విముక్తి ఉండదు. నిరుడు వాళ్ళమ్మ ఎడ్నాకి పెంగ్విన్ వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి సోఫా చుట్టూ పదకొండు సార్లు తిరిగింది పాపం.

"పన్ను రిటర్నుకి గడువు జనవరి ఆఖరు కదక్కా. బావ ఏటా పండగ రోజే ఎందుకు కూర్చుంటాడు?" అన్నాడు కీత్.

"ఆలస్యమైతే వంద పౌండ్లు జరిమానా అని భయంరా. ఇంటి బిల్లులు కూడా ఎప్పుడూ ఆలస్యం కానివ్వలేదు."

"కిటికీలు తుడిచే పని మానేసి స్కూల్లో వాచ్‌మన్‌గా చేరాడు కదా. నిచ్చెన నాకే అమ్మాడు. అమ్మేసిన నిచ్చెనకి ఇంకా లెక్కేంటి?"

జానెట్ మొహం పాలిపోయింది. పన్నుల సంగతిలో ఆమెకు ఓనమాలు కూడా తెలియవు. మొగుడు దొంగలెక్క రాస్తున్నాడా? పట్టుకుంటే జైలేనా? ఆమెకు నిజంగానే భయమేసింది.

"నేను చూస్తానుండు," అని కీత్ గుడ్లగూబ ముక్కుతోనే మెట్లెక్కాడు.

"నా లెక్క ఎవరూ చూడొద్దు," అన్నాడు కోలిన్ లోపలినుంచి.

ఎడ్నా కుర్చీలోంచి లేచింది. "తప్పుకోరా. ముప్పై ఏళ్ళు పన్నుల ఆఫీసులో చేసినదాన్ని."

మెట్టుకో నిట్టూర్పు విడుస్తూ పైకెక్కి, కొడుకుని కిందికి తరిమేసి, తలుపు తట్టింది. "అల్లుడూ, నేనే. తియ్యి."

గడియ తీసిన చప్పుడైంది. ఎడ్నా లోపలికెళ్ళి కంప్యూటర్ తెర చూసింది. తర్వాత అల్లుడి మొహం చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది నెమ్మదిగా.

"ఆరు క్రిస్మస్‌లైంది అత్తయ్యా."

"జానెట్‌కి తెలుసా?"

"తెలీదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పకండి."

కింద కీత్ డబ్బాలో చీటీలు కుదుపుతున్నాడు. ఎడ్నా కాసేపు ఆ చప్పుడు విని, గుమ్మంలోకి వచ్చింది.

"జానెట్, ఏడవకు. జైలుకేం పోడు. లెక్కే బాగా చిక్కుపడింది. నేను పక్కన కూర్చుని చేయించాలి. టీ వేళ దాటుతుందేమో. పుడ్డింగు రెండు గిన్నెలు పైకి పంపు."

"అమ్మా, నీ కోసం నిప్పుకోడి చీటీ తీసి ఉంచాను," అన్నాడు కీత్.

"ముందు పన్ను నాయనా, ఆటలు తర్వాత."

"మా అమ్మ బంగారం," అని జానెట్ కళ్ళు తుడుచుకుని పుడ్డింగు కోయడానికి వెళ్ళింది. ఎడ్నా తలుపు మూసి, గడియ పెట్టి, రెండో కుర్చీ లాక్కుంది.

ఆరేళ్ళ కిందట, జీతంలోనే పన్ను కోసే స్కూలు ఉద్యోగంలో చేరిన నాటినుంచి కోలిన్ అసలు పన్ను రిటర్నే వేయనక్కర్లేదు.