సీటు కింది పాట

“ఆ వైరు తీసెయ్యన్నా.”

పెంచలకృష్ణ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. కార్లలో సౌండ్ సిస్టమ్ బిగించడంలో ముత్తుకూరు మొత్తానికీ అతను పెట్టింది పేరు. బిగించిన వైరు తీసెయ్యమని అతనికి చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు.

“ఎందుకు మేడం?”

“ఈ ఆంప్లిఫయర్ వెనకాల ఏం రాసుందో చూడు. నిరోధం నాలుగు ఓమ్‌ల కంటే కిందికి దించొద్దని ఉంది. నువ్వు వెనక సీటు కింద రెండు వూఫర్లనీ పక్కపక్కన కలిపేసినావు. రెండు ఓమ్‌లకు దిగిపోతుంది. ఆంప్ తట్టుకోలేదు, కాలిపోతుంది.”

ఆమె ఈ ఊళ్ళో అతనెప్పుడూ చూసిన మనిషి కాదు. పాత వ్యాను తనే నడుపుకుంటూ వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ రెప్ప వెయ్యకుండా అతని ముఖంలోకే చూస్తోంది. పెంచలకృష్ణకు అది పొగరుగా తోచింది.

“అవన్నీ భయపెట్టేదానికి రాస్తారు మేడం. పోర్టు కాడ బండ్లన్నిటికీ ఇట్టనే బిగించినా. ఒక్కటీ కాలలా. మీరు చెప్పినట్టు ఒకదాని వెంట ఒకటి కలిపితే సౌండు పడిపోద్ది.”

“పడిపోనీ.”

“మరి ఇంత పెద్ద వూఫర్లు ఎందుకు కొన్నట్టు?”

“అది నా ఇష్టం. నేను చెప్పినట్టు చేస్తే చెయ్యి. లేదంటే అన్నీ విప్పేసెయ్. బండి తీసుకుని పోతా.”

షాపు ముందు టీ తాగుతున్న ఒకాయన, “ఆడోళ్ళకెందుకబ్బా ఈ వూఫర్లు!” అని నవ్వాడు. ఆమె అటు చూడనైనా చూడలేదు.

పెంచలకృష్ణ పళ్ళు నూరుకుంటూ వైర్లు విప్పి, ఆమె అన్నట్టే కలిపాడు.

“బ్యాటరీ పక్కన ఫ్యూజ్ ఏది?”

అతను తలెత్తాడు. “ఆంప్‌లోనే ఒకటి ఉండాది కదా!”

“అది ఆంప్‌ను కాపాడుతుంది. మధ్యలో వైరు ఒరుసుకుంటే బండిని ఎవరు కాపాడతారు? వెనక పిల్లలు కూర్చుంటారన్నా. అది పెట్టందే నేను కదలను.”

ఫ్యూజ్ కూడా పెట్టి, పాట వేశాడు. ఆమె వెనక సీట్లో కూర్చుని, రెండు అరచేతులూ సీటుకు ఆనించి కళ్ళు మూసుకుంది.

“పగులుతోంది. కొంచెం తగ్గించు.”

అతనికి ఏ పగులూ వినపడలేదు. అయినా ఆంప్ మీది నాబ్ కాస్త తిప్పాడు.

“ఆఁ, చాలు” అని మొదటిసారి నవ్విందామె.

పెంచలకృష్ణకు ఒళ్ళు మండింది. ఇంత చప్పటి సౌండుతో బండి ఊళ్ళో తిరిగితే, బిగించిందెవరని జనం అడగరా? తన పేరేం కావాలి?

ఆమె నీళ్ళ సీసా కొనుక్కోవడానికి రోడ్డు దాటింది. ఆ కాస్త సేపట్లో అతను గబగబా వైర్లు మళ్ళీ తన పద్ధతిలోకి మార్చేశాడు. బానెట్ ఎత్తితే ఆమె కంట పడుతుందని ఫ్యూజ్ జోలికి మాత్రం పోలేదు.

ఆమె తిరిగొచ్చి వ్యాను ఎక్కుతుంటే వెనక నుంచి అరిచాడు.

“మేడం! ఇంటికి పోయి పాట పెట్టుకోండి. మీరే వచ్చి మెచ్చుకుంటారు!”

ఆమె తిరిగి చూడలేదు. తలుపేసుకుని వెళ్ళిపోయింది.

“ఏం పొగరబ్బా!” అన్నాడు టీ తాగుతున్నాయనతో.

ఆ వారంలోనే అతని భార్య రేవతి కృష్ణపట్నం బస్సు దిగి నేరుగా షాపుకొచ్చింది.

“ఆ వ్యాను ఆమె నీ కాడనే కదా వూఫర్లు పెట్టించుకునింది? పిల్లల్ని సముద్రం కాడికి తీసకపోతుంటే ఆంప్ కాలిపోయిందంట.”

“పిల్లలో?”

“ఒక్కరికీ ఏం కాలా. పాటలో తేడా వచ్చిందని ఆమెకు ముందే తెలిసిపోయిందంట. బండి పక్కకు ఆపి అందర్నీ దించేసినాక పొగలు లేచినాయంట. బ్యాటరీ కాడ పెట్టిన ఫ్యూజ్ పోబట్టి సరిపోయిందిగానీ, లేకుంటే బండి మొత్తం అంటుకునేదంట. సీటు లాగి పడేసేటప్పుడు ఆమెకే రెండు చేతులూ కాలినాయి.”

పెంచలకృష్ణ మర్నాడు పొద్దున్నే కొత్త ఆంప్ ఒకటి బైకు మీద పెట్టుకుని, దారి కనుక్కుంటూ ఆమె ఇంటికి పోయాడు.

వాకిట్లో వ్యాను ఉంది. వెనక తలుపు తెరిచి లోపలికి చూస్తూ, ఇటు వీపు పెట్టి నిలబడి ఉందామె. రెండు అరచేతులకూ కట్లు. వ్యానుకు అవతల పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు.

“మేడం, కొత్త ఆంప్ తెచ్చినా. మీరు చెప్పినట్టే బిగిస్తా.”

ఆమె తిరగలేదు.

“మీరు రోడ్డు దాటినప్పుడు వైర్లు మార్చింది నేనే. తప్పు నాదే.”

అప్పుడూ తిరగలేదు.

అతనికి దుఃఖమూ పౌరుషమూ కలిసి వచ్చాయి. ఇంకెట్టా బతిమాలాలి మనిషిని?

“తిట్టండి మేడం! చెప్పు తీసుకుని కొట్టండి! ఒక్క మాటైనా అనరా?” అని గొంతు చించుకున్నాడు.

ఆమె కదల్లేదు. పిల్లల్లో ఒక్కరూ తలెత్తలేదు. వంటింట్లోంచి మగ్దలీనమ్మ అనే ముసలామె మాత్రం చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“ఎదురుగా పోయి చెప్పు నాయనా, నీ పెదాలు చూస్తేనే ఆమెకు తెలిసేది” అంది. “మా ఎవాంజెలిన్ టీచరమ్మకు చిన్నప్పుడే చెవులు పోయినాయి, వినపడని బిడ్డలకు పాటలెందుకని ఊరంతా నవ్వినా, తనలాంటి ఈ బిడ్డలకు సీటు అదురులో పాటంటే ఏందో చూపించి తీరాలనే ఆ వూఫర్లు పెట్టించింది.”